సైన్స్ వార్త మీద మాట రాసే ముందు: అసలు పేపర్ దాకా ఎలా వెళ్లాలి, అక్కడ ఏం చూడాలి

సైన్స్ వార్త బయటికి రాగానే దాని మీద చర్చ మొదలవుతుంది. చాలాసార్లు ఆ చర్చంతా శీర్షిక చుట్టూనే తిరుగుతుంది. ఎంతమంది మీద చేశారు, ఎలుకల మీదా మనుషుల మీదా, దేనితో పోల్చారు అని జనం గంటల తరబడి వాదించుకునే ప్రశ్నలకు జవాబులు పేపర్‌లో మొదటి టేబుల్‌లోనే ఉంటాయి. ఆ పేపర్ తెరిచి, కావలసింది తీసుకుని, నలుగురికి పనికొచ్చే మాట రాయడానికి అరగంట నుంచి ముప్పావుగంట చాలు. ఆ రంగంలో డిగ్రీ ఉండక్కర్లేదు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో తెలిస్తే సరిపోతుంది.

1. వార్తను ఒక్క వాక్యంగా రాసుకోండి

ఎవరు, దేని మీద, ఏం చేసి, దేనితో పోల్చి, ఏం కొలిచారు, ఎంత తేడా వచ్చింది: ఈ ఆరూ ఉండేలా ఒక వాక్యం రాయండి. వార్తలో దొరికినవి నింపి, దొరకనివి ఖాళీగా వదిలేయండి. ‘అయిదు నిమిషాల్లో చార్జయ్యే బ్యాటరీ’ అనే వార్తను తీసుకుంటే మిగిలే ఖాళీలు ఇలా ఉంటాయి. సున్నా నుంచి నూరు శాతానికా, పది నుంచి ఎనభైకా? నాణెం సైజు సెల్ మీద చేశారా, కారులో పెట్టే ప్యాక్ మీదా? ఎంత ఉష్ణోగ్రత దగ్గర? అలా ఎన్నిసార్లు చార్జ్ చేశాక కెపాసిటీ ఎంత మిగిలింది?

ఈ ఖాళీలే పేపర్‌లో మీరు వెతకాల్సినవి. ఈ వాక్యం రాసుకోకుండా పేపర్ తెరిచినవాళ్లు మూడో పేజీ దగ్గరే దారి తప్పుతారు. కాబట్టి ఈ మెట్టు దాటేయకండి.

2. అసలు పేపర్‌ను పట్టుకోండి

వార్త చివర డీఓఐ నంబర్, అంటే ఒక్కో పేపర్‌కూ ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్, ఉంటే పని తేలిక. అది ఎప్పుడూ 10 అంకెతో మొదలవుతుంది. ఆ తర్వాత చుక్క, కొన్ని అంకెలు, ఏటవాలు గీత, మళ్లీ అంకెలో అక్షరాలో వస్తాయి. బ్రౌజర్‌లో డీఓఐ డాట్ ఓఆర్‌జీ అడ్రసు వెనక గీత పెట్టి ఆ నంబర్ అతికిస్తే నేరుగా పేపర్ పేజీ తెరుచుకుంటుంది. నంబర్ లేకపోతే మొదటి రచయిత ఇంటిపేరు, జర్నల్ పేరు, రెండు ముఖ్యమైన పదాలు గూగుల్ స్కాలర్‌లో కొట్టండి. వైద్యానికి సంబంధించినదైతే వైద్య పేపర్ల ఉచిత జాబితా అయిన పబ్‌మెడ్ ఇంకా మేలు.

చదవాలంటే డబ్బు కట్టమని అడిగితే అక్కడ ఆగిపోకండి. స్కాలర్‌లో ఆ పేపర్ కింద ఉండే ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే ఉచిత ప్రతి చాలాసార్లు దొరుకుతుంది. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ పేపర్లు 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) సైట్‌లో, జీవశాస్త్రానివి బయోఆర్కైవ్ (bioRxiv)లో, వైద్యానివి మెడ్‌ఆర్కైవ్ (medRxiv)లో వెతకండి. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. ఏదీ కుదరకపోతే పేపర్ మొదటి పేజీలో ఉండే రచయిత మెయిల్‌కి రెండు లైన్లు రాయండి. అడిగితే పంపేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు వార్తల గొలుసులో చిక్కుకుపోవడం. ఒక సైట్ ఇంకో సైట్‌ను చూపిస్తుంది, అది మరోదాన్ని చూపిస్తుంది, చివరికి అన్నింటికీ మూలం యూనివర్సిటీ ప్రెస్ నోట్ అని తేలుతుంది. ప్రెస్ నోట్‌లో ఉండే ‘విప్లవాత్మక’ వంటి మాటలు పేపర్‌లో సాధారణంగా కనిపించవు. ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవాలంటే ప్రెస్ నోట్‌నీ పేపర్ మొదట్లో ఉండే సారాంశాన్నీ (అబ్‌స్ట్రాక్ట్) పక్కపక్కన పెట్టి చదవండి. గొలుసు చివర పేపరే లేకపోతే, ఒక కంపెనీ ప్రకటన మాత్రమే ఉంటే, చర్చలో ఆ విషయమే ముందు చెప్పండి.

3. పేపర్ ఏ స్థితిలో ఉందో చూడండి

ప్రీప్రింట్ అంటే రచయితలు రాసి పెట్టినది, బయటి నిపుణులు ఇంకా పరిశీలించనిది. అంతమాత్రాన అది తప్పని కాదు. కానీ ఆర్కైవ్‌లో వెర్షన్ నంబర్ తప్పకుండా చూడాలి. వార్త మొదటి వెర్షన్ మీద రాసి ఉండవచ్చు, మూడో వెర్షన్‌లో ముఖ్యమైన అంకె మారి ఉండవచ్చు. పేజీలో అన్ని వెర్షన్లూ తేదీలతో సహా వరసగా ఉంటాయి.

పేపర్‌ను వెనక్కి తీసుకున్నారా అన్నది ఇంకా ముఖ్యం. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ 2023లో తీసుకుని అందరికీ తెరిచింది. అందులో డీఓఐ కొడితే తేలిపోతుంది. పబ్‌మెడ్ కూడా అలాంటి పేపర్ల మీద స్పష్టంగా ముద్ర వేస్తుంది. ఇదేదో అరుదైన జాగ్రత్త అనుకోకండి. భాస్వరం బదులు ఆర్సెనిక్‌తో బతికే బ్యాక్టీరియా దొరికిందని 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పేపర్‌ను 2025లో వెనక్కి తీసుకున్నారు. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి ‘లాన్సెట్’ పేపర్ 12 మంది పిల్లల మీద ఆధారపడింది. దాన్ని 2010లో రద్దు చేశారు. పాత లింకులు మాత్రం ఈ రెండింటినీ ఇప్పటికీ మోసుకుని తిరుగుతూనే ఉంటాయి.

4. మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదవకండి

అబ్‌స్ట్రాక్ట్ ఒకసారి చదివి, నేరుగా బొమ్మలకూ టేబుళ్లకూ వెళ్లండి. తర్వాత మెథడ్స్, తర్వాత పరిమితులు అని రాసుకున్న పేరా, ఆఖర్న ముగింపు. రచయితల మాటల కన్నా ముందు వాళ్ల కొలతలు మన కంట పడాలి. అప్పుడే ముగింపులో ఏది ఎక్కువ చెప్పారో తెలుస్తుంది.

మెథడ్స్‌లో మొదట దేని మీద చేశారో చూడండి: గాజు పాత్రలో కణాలా, ఎలుకలా, మనుషులా, కంప్యూటర్ మోడలా? తర్వాత, పోల్చడానికి మరో గుంపు ఉందా, ఉంటే ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారా? మందుల ట్రయల్ అయితే ఇంకొక పని ఉంది. ట్రయల్స్‌ను నమోదు చేసే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో దాని రిజిస్ట్రేషన్ తెరిచి, ‘ప్రైమరీ అవుట్‌కమ్’గా, అంటే ప్రధానంగా కొలవాలనుకున్న ఫలితంగా, మొదట ఏం రాశారో చూడండి. రాసింది మరణాలు, పేపర్ గొప్పగా చెప్పుకుంటున్నది రక్తంలో ఏదో రసాయనం తగ్గడం అయితే, అనుకున్న ఫలితం రాక వేరేది ముందుకు తెచ్చారా అని అనుమానించాలి. ఆ పేజీలో పాత మార్పులన్నీ తేదీలతో ఉంటాయి, ఎప్పుడు మార్చారో కూడా కనిపిస్తుంది.

5. అంకెల దగ్గర నిదానించండి

చర్చలు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. అందుకే మీ సమయంలో సగం దీనికే పెట్టండి.

మొదటిది, శాతం దేనిలో శాతం? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఒక అంచనా చెప్పింది. ప్రాసెస్ చేసిన మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని దాని సారాంశం. ‘తిన్న వందమందిలో 18 మందికి క్యాన్సర్’ అని చాలామంది చదువుకున్నారు. లెక్క ఇలా చేయాలి. తినకుండా ఉన్నా జీవితకాలంలో వందలో అయిదుగురికి ఆ జబ్బు వస్తుందనుకుందాం. అయిదులో 18 శాతం అంటే 0.9. కాబట్టి అయిదు కాస్తా 5.9 అవుతుంది, అంటే వందమందికి దాదాపు ఒకరు అదనం. 18 శాతమూ నిజమే, వందకు ఒకరూ నిజమే. రెండూ కలిపి చెప్తేనే వినేవాడికి ముప్పు ఎంతో తెలుస్తుంది. పేపర్‌లో మొదటిదే ఉంటే, అసలు ముప్పు ఎంతో వేరేచోట వెతికి మీరే గుణించండి. అప్పుడే ఇంకో గందరగోళం కూడా వచ్చింది: ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న గ్రూపులోనే చేర్చారు కాబట్టి రెండూ ఒకే అంత ప్రమాదమని వాదించారు. ఆ గ్రూపులు రుజువు ఎంత గట్టిగా ఉందో చెప్తాయి. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు.

రెండోది, ఎన్ని కొలిచి ఎన్ని చెప్పారు? పీ విలువ అంటే అసలు ప్రభావమే లేకపోయినా అంత తేడా ఊరికే వచ్చే అవకాశం. అది 0.05 కన్నా తక్కువ వస్తే ఫలితాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. అసలు ఏ ప్రభావమూ లేకపోయినా, ఒక్కో కొలతలో ఇరవైకి ఒకసారి అలా రావచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 18 కొలతలు తీసుకుంటే, కనీసం ఒక్కటైనా ఊరికే అలా వచ్చే అవకాశం దాదాపు 60 శాతం. 0.95ను పద్దెనిమిదిసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయండి, మీకే వస్తుంది. జర్నలిస్టు జాన్ బోహనన్, ఆయన సహచరులు 2015లో ఇదే చేసి చూపించారు. 15 మంది మీద 18 కొలతలు తీసుకుని, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని పేపర్ అచ్చు వేయించారు. మీడియా ఎంత సులువుగా నమ్ముతుందో చూపించడానికి కావాలనే చేసిన పని అది, చాలా దేశాల పత్రికలు వార్త వేశాయి. కాబట్టి టేబుల్‌లో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టండి. అన్ని కొలతలకూ కలిపి సవరణ చేశామని రాశారా చూడండి. ‘బోన్‌ఫెరోని’ అనే పేరు కనిపిస్తే చేసినట్టు.

మూడోది, విస్తృతి. ముప్పు నిష్పత్తి (ఒక గుంపు ముప్పును రెండో గుంపు ముప్పుతో భాగిస్తే వచ్చేది) 0.82 అని రాసి, పక్కన 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే డేటాతో పొసిగే విలువల పరిధి, 0.65 నుంచి 1.04 అని ఉందనుకోండి. ఆ మధ్యలో 1 ఉంది, 1 అంటే ఏ తేడా లేనట్టు. ‘18 శాతం తగ్గింది’ అని శీర్షిక పెట్టడానికి ఆ డేటా చాలదు. అయితే ‘ప్రభావం లేదని తేలింది’ అనడానికీ చాలదు. ఈ రెండో తప్పు తెలిసినవాళ్లు కూడా చేస్తారు.

నాలుగోది, సిగ్మా, అంటే సంకేతం మామూలు ఊగిసలాటకు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత. కణ భౌతికశాస్త్రంలో కొత్త కణం కనిపెట్టామని చెప్పడానికి అయిదు సిగ్మా అడుగుతారు. అంటే ఉత్త యాదృచ్ఛికంగా అలాంటి సంకేతం వచ్చే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కే2-18బీ గ్రహం మీద డైమిథైల్ సల్ఫైడ్ (భూమి మీద ప్రధానంగా జీవులు తయారుచేసే అణువు) జాడ ఉందని 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్రకటన మూడు సిగ్మాది, అంటే 0.3 శాతం. దీన్ని ‘అక్కడ జీవం ఉండే అవకాశం 99.7 శాతం’ అని తిప్పి చదవకూడదు. అణువులేమీ లేకపోయినా గ్రహం నుంచి వచ్చే కాంతి వర్ణపటంలో అలాంటి గీత కనిపించే అవకాశం ఎంత అన్నదే ఆ అంకె చెప్తుంది. ఆ గీత ఏ అణువుదో, ఆ అణువు జీవం వల్లే వచ్చిందో కాదో అన్నవి వేరే ప్రశ్నలు.

పెద్ద సిగ్మా కూడా పరికరం లోపాన్ని పట్టుకోలేదు. న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు చేరాయని 2011 సెప్టెంబర్‌లో ఒపెరా బృందం ప్రకటించినప్పుడు అది ఆరు సిగ్మా ఫలితం. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాల దాకా 730 కిలోమీటర్ల దూరాన్ని, సమయాన్ని అంత సూక్ష్మంగా కొలిచారు. చివరికి ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని 2012లో బయటపడింది. ఎన్ని లక్షల న్యూట్రినోలు లెక్కపెట్టినా ఆ వదులు కేబుల్ ప్రతిదానికీ అదే తప్పు సమయం కలుపుతుంది. అందుకే పేపర్‌లో ‘సిస్టమాటిక్’ పొరపాట్ల టేబుల్ ఉందా, అందులో ఏవేవి లెక్కించారు అన్నది విడిగా చూడాలి.

గ్రహశకలాల వార్తలకు ఒక్క మాట. 2024 వైఆర్4 భూమిని 2032లో ఢీకొట్టే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగి, కొద్దిరోజుల్లోనే దాదాపు సున్నాకు పడింది. దాచిపెట్టారని అనుమానించినవాళ్లు ఉన్నారు, కానీ లెక్క తీరే అంత. కొత్త పరిశీలనలతో సాధ్యమైన దారుల పట్టీ సన్నబడుతుంది. భూమి ఇంకా ఆ పట్టీలోనే ఉన్నంతసేపు పట్టీలో దాని వాటా పెరుగుతుంది, బయటికి వచ్చిన క్షణాన ఒక్కసారిగా పడిపోతుంది.

6. టెక్నాలజీ వార్తలో కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి

అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2022 డిసెంబర్ 5న జరిగిన ఫ్యూజన్ ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ఇంధనం మీద పడిన లేజర్ శక్తి 2.05 మెగాజౌళ్లు, బయటికి వచ్చింది 3.15. పెట్టిన దానికన్నా ఎక్కువ వచ్చిందన్నది నిజం. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి గ్రిడ్ నుంచి సుమారు 300 మెగాజౌళ్లు తీసుకున్నారు. లేజర్ దగ్గర గీత గీస్తే లాభం, గోడలోని ప్లగ్ దగ్గర గీస్తే భారీ నష్టం. ‘ఎక్కువ’, ‘వేగం’, ‘సామర్థ్యం’ అన్న ప్రతి మాటకీ ఆ గీత ఎక్కడ గీశారో అడగండి.

బ్యాటరీ అయితే కిలోకి ఎన్ని వాట్‌అవర్లు అన్నది ఒక్క ఎలక్ట్రోడ్ పదార్థానికా, పూర్తి సెల్‌కా, ప్యాక్‌కా? మొదటిదానికీ మూడోదానికీ మధ్య అంకె చాలా దిగిపోతుంది, ఎందుకంటే కేసింగ్, కూలింగ్, వైరింగ్ బరువంతా కలుస్తుంది. సోలార్ సెల్ అయితే విస్తీర్ణం ఎంత, ఎన్ని గంటలు వెలుగులో ఉంచి చూశారు? క్వాంటమ్ కంప్యూటర్ అయితే దేనితో పోల్చారు? గూగుల్ 2019లో సికమోర్ అనే 53 క్యూబిట్ల క్వాంటమ్ చిప్ మీద 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందని రాసింది. అదే పని వేరే పద్ధతిలో చేస్తే రెండున్నర రోజులు చాలని ఐబీఎం వాదించింది. పోలికలో ఓడినవాడు తన శక్తి కొద్దీ ఆడాడా అన్నదే అక్కడ ప్రశ్న. ఏఐల సత్తా కొలిచే బెంచ్‌మార్క్ పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. ఒకదానికి ఒక్క ప్రయత్నం ఇచ్చి, రెండోదానికి ముప్పై రెండు ఇచ్చి మంచిది ఎంచుకుంటే గ్రాఫ్‌లో పక్కపక్కన ఉన్న ఆ రెండు కడ్డీలను పోల్చకూడదు. ఇది సాధారణంగా గ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సెక్యూరిటీ లోపం వార్త అయితే సీవీఈ నంబర్ (ఒక్కో లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబర్) పట్టుకుని, ఏ వెర్షన్లకు తగులుతుందో ముందు చూడండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ సాఫ్ట్‌వేర్‌లో 2024 మార్చిలో బయటపడిన బ్యాక్‌డోర్‌కు (దొంగచాటుగా పెట్టిన దొడ్డిదారి) తీవ్రత పదికి పది. కానీ అది ఉన్నది 5.6.0, 5.6.1 వెర్షన్లలో మాత్రమే. మీ యంత్రంలో ఏది ఉందో చూడటం పది సెకన్ల పని. ఆ పదికి పది స్కోరు దెబ్బ తగిలితే ఎంత నష్టమో చెప్తుంది, మీకు తగిలే అవకాశం ఎంతో చెప్పదు.

7. మరొకరు చేసి చూశారా?

2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 గురించి ఆర్కైవ్‌లో ప్రీప్రింట్లు పెట్టారు. సీసం, భాస్వరం, ఆక్సిజన్, రాగి కలిసిన ఆ పదార్థం మామూలు వాతావరణ పీడనంలో 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్ కండక్టర్, అంటే ఏ నిరోధమూ లేకుండా కరెంటును పంపేది, అన్నారు. రుజువులు రెండు: అయస్కాంతం మీద ఒక అంచు ఆనించుకుని లేచి నిలబడిన ముక్క, 105 డిగ్రీల దగ్గర రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) హఠాత్తుగా పడిపోయిన గ్రాఫ్. మెథడ్స్ చదివినవాళ్లకు ఒక విషయం కనిపించింది. ఆ తయారీలో కాపర్ సల్ఫైడ్ కూడా పుడుతుంది. 104 డిగ్రీల దగ్గర కాపర్ సల్ఫైడ్ నిర్మాణం మారి దాని రెసిస్టివిటీ బాగా పడిపోతుందన్నది ముందునుంచీ తెలిసిన సంగతే. మలినం లేని స్ఫటికాన్ని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పెంచి కొలిస్తే అది ఇన్సులేటర్ అని తేలింది. ముక్క లేవడానికి మామూలు అయస్కాంత గుణం చాలు. ఇదంతా ఆగస్టు మధ్యకల్లా తేలిపోయింది.

దీన్నుంచి పద్ధతి తీసుకోండి. పెద్ద ప్రకటన చూసినప్పుడు, ఆ సంకేతాన్ని ఇంకేం పుట్టించగలదో మెథడ్స్‌లో ఉన్న ప్రతి ముడి పదార్థం, ప్రతి పరికరం పేరుతో వెతకండి. స్కాలర్‌లో పేపర్ కింద ఉండే ‘సైటెడ్ బై’ నొక్కి, వేరే బృందాలు మళ్లీ చేశాయా చూడండి. అదే బృందం రాసిన రెండో పేపర్‌ను ఈ లెక్కలోకి తీసుకోకూడదు.

8. ఇప్పుడు రాయండి

మొదటి లైన్లో మీరు ఏం చదివారో చెప్పండి: పూర్తి పేపరా, అబ్‌స్ట్రాక్టా, ఏ వెర్షన్. తర్వాత పేపర్ చెప్పినది, దాని కింద వేరే పేరాలో మీ అంచనా. రెండూ ఒకే వాక్యంలో కలిపితే, చదివేవాడు మీ అంచనానే పేపర్ మాటగా ఇంకోచోటికి మోసుకెళ్తాడు. ప్రతి అంకె పక్కన టేబుల్ నంబరో బొమ్మ నంబరో రాయండి, ఎవరైనా ఒక్క నిమిషంలో సరిచూసుకోగలగాలి.

‘శాంపిల్ చిన్నది’ అని ఊరికే రాయకండి. ప్రభావం పెద్దదైతే చిన్న శాంపిల్ చాలు, ప్రభావం చిన్నదైతే వేలమంది కూడా చాలరు. ఇంటర్వెల్ ఎంత వెడల్పుందో చూపించి అప్పుడు చెప్పండి. ‘సంబంధం ఉన్నంత మాత్రాన కారణం కాదు’ అన్న మాట కూడా ఒంటరిగా పనికిరాదు. మీరు అనుమానిస్తున్న మూడో కారణం పేరు చెప్పండి: వయసా, ఆదాయమా, పొగతాగడమా? తర్వాత రచయితలు దాన్ని సర్దుబాటు చేశారో లేదో టేబుల్‌లో వెతకండి. చేసి ఉంటే మీ అభ్యంతరం బలం చాలావరకు తగ్గుతుంది. చివరి పేజీలో నిధులు ఎవరిచ్చారో ఉంటుంది. దాన్ని ప్రస్తావించండి, కానీ అదొక్కటే చూపించి ఫలితాన్ని కొట్టేయకండి.

ఏఐతో సారాంశం తీయించుకుంటే ప్రతి అంకెనూ టేబుల్‌తో మీ కళ్లతో పోల్చుకోండి, అది చెప్పిన ప్రతి డీఓఐనీ తెరిచి చూడండి. లేని పేపర్‌కు నమ్మదగిన పేరు, రచయితలు, సంవత్సరం అల్లి ఇవ్వడం వాటికి మామూలే. నంబర్ తెరుచుకోకపోతే, లేదా వేరే పేపర్ తెరుచుకుంటే, ఆ లైన్ తీసేయండి.

ఆఖరి పని: ‘సైటెడ్ బై’ పేజీ అడుగున ఉండే ‘క్రియేట్ అలర్ట్’ నొక్కి మీ మెయిల్ ఇవ్వండి. ఆ పేపర్‌ను ఎవరైనా ఉదహరించినప్పుడు మెయిల్ వస్తుంది. ఫలితం తారుమారైతే పాత మాటను చెరిపేయకుండా, దాని కిందే తేదీ వేసి కొత్త పేపర్ డీఓఐ చేర్చండి.